వాడువారి నెరిగిన నిఘంటుకర్త

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. 1817లో మదరాసు చేరి, సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు అభ్యసించి, 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా వచ్చెను. మన కమలాపురము ఆ జిల్లాలోనిదే.

కచేరికి వచ్చిన రైతు మాటలాడు తెలుగు, కళాశాలలో చదివిన తెలుగు ఒక్కటి కావని ఆయన త్వరలోనే గ్రహించెను. పద్యములలో కూర్చిన పాత నిఘంటువులు కంఠస్థము చేసిన పండితునకు అక్కరకు వచ్చును గాని, అర్జీలో ఎదురైన మాటకు అప్పటికప్పుడు అర్థము వెదకు ఉద్యోగికి కొరగావు. ఒక్క మాట అర్థము తప్పినచో రైతు పొలమే పోవచ్చును. నేడు యంత్రపరికరముల రూపకల్పన నేర్చు విద్యార్థులకు, వాడువాని పనిని ముందుగా గమనింపవలెనని బోధింతురు. బ్రౌను అనుసరించినది ఆ మార్గమే యని మా తలంపు.

కడపలో బంగళా కొని, స్వంత ధనముతో, అది చాలనప్పుడు అప్పుతో, పండితులను పోషించి తాళపత్ర గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున కవుల ప్రయోగములతోపాటు వాడుకమాటలకును చోటిచ్చెను.

మనకు విశేషముగా తోచునది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. అర్జీ, వకీలు, జమాబందీ, దస్తావేజు వంటి మాటలు అరబ్బీ పారసీకముల నుండి వచ్చి తెలుగున కలిసినవి. పండితులు వీనిని అన్యదేశ్యములని దూరముంచిరి. పన్ను కట్టు రైతునకో, అవి లేక పూట గడవదు. బ్రౌను వానికి ప్రత్యేక గ్రంథమే కూర్చెను. ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులు దానిని ఒకమారైనను తిరుగవేయకుండుట మాకు వింతగా నున్నది.

1855లో ఇంగ్లండునకు మరలి, అనంతరము లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న మరణించెను. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయము నడుచుచున్నది.