విద్యార్థి భాషలో విద్య – గిడుగు వేంకట రామమూర్తి పంతులు

బిడ్డ బడిలో అడుగుపెట్టే నాటికే ఒక భాషను నేర్చుకొని ఉంటుంది. తల్లిని అన్నం అడగడానికి, తోటివారితో తగవులాడడానికి, చూసిన వింతను చెప్పుకోవడానికి ఆ భాష చాలుతుంది. ఆ భాషను బడి ఆదరించాలా, లేక గడప వెలుపలే విడిచి రమ్మనాలా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో జీవితాన్ని ధారపోసిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు. తెలుగువారు ఆయనను వాడుక భాషోద్యమ పితామహునిగా ఎరుగుదురు. ఆ మహోద్యమానికి బీజం పడింది తరగతి గదిలోనే.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. ఆ గ్రామం నాడు గంజాం జిల్లాలోనిది, నేడు శ్రీకాకుళం జిల్లాలోనిది. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. 1875లో తండ్రి మరణించగా, రామమూర్తి విజయనగరంలో చదువు కొనసాగించారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల వేతనంపై చరిత్రోపాధ్యాయులుగా చేరారు. ఒకవైపు పాఠాలు చెబుతూ, మరొకవైపు ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. ఆ పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు పై తరగతులకు కూడా బోధించారు.

ఇతరులు రాసిన పుస్తకాన్ని వల్లించి చెప్పడంతో ఆయనకు తృప్తి కలుగలేదు. పర్లాకిమిడికి చేరువలోనే ముఖలింగ దేవాలయాలు ఉన్నాయి. వాటి గోడలమీది శాసనాలను స్వయంగా చదవాలని సంకల్పించి, ప్రాచీన లిపులను పట్టుదలతో నేర్చుకొన్నారు. ఏ విషయాన్నయినా మూలం దగ్గరకు వెళ్లి పరిశీలించాలనే శిక్షణ ఆయనకు అక్కడ లభించింది. భాష కాలంతోపాటు మారుతుందనే సత్యం కూడా ఆ శాసనాల వలన ప్రత్యక్షమైంది.

పర్లాకిమిడి పరిసరాలలోని కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుకు గాని ఒడియాకు గాని దానితో బాంధవ్యం లేదు. ఆ బిడ్డలకు చదువు చెప్పాలని రామమూర్తి పంతులు సంకల్పించారు. వారికి ముందుగా తెలుగు నేర్పి, తరువాత విద్య నేర్పవచ్చునని మరొకరైతే భావించేవారు. ఆయన ఆ క్రమాన్ని తలక్రిందులు చేశారు. నేర్వవలసిన భారాన్ని ముందుగా తనమీదనే వేసుకొన్నారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట ఉంచుకొని, ఏండ్ల తరబడి శ్రమించి ఆ భాషను వశపరచుకొన్నారు. ఆనాటికి సవర భాషకు సొంత లిపి లేదు. కనుక చెవితో వినడం, విన్నదానిని విన్నట్లు రాసుకోవడం, మరల పలికి సరిచూసుకోవడం ఆయన అభ్యాస పద్ధతి అయింది. అనంతరం సవర భాషలో వాచకాలు రచించారు. సొంత ధనంతో పాఠశాలలు నెలకొల్పి, ఉపాధ్యాయులకు తామే జీతాలు చెల్లించారు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. మన్యంలో తిరుగుతూ మలేరియా బారిన పడి, క్వినైను అధికంగా సేవించడంతో వినికిడి శక్తి క్షీణించింది. మాటను వినడమే సాధనంగా చేసుకొన్న మనిషికి చెవులు సహకరించని స్థితి ఏర్పడింది. అయినా ఆయన కృషి ఆగలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మద్రాసు ప్రభుత్వం వీటిని ప్రచురించింది.

కొండ బిడ్డల బడిలో గ్రహించిన సత్యమే తెలుగు బిడ్డల బడిలోనూ వర్తిస్తుందని ఆయన గుర్తించడానికి ఒక అధికారి సందేహం కారణమైంది. 1907లో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చారు. ప్రజలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాలలోని తెలుగుకూ ఇంత అంతరం ఎందుకున్నదో ఆయనకు అర్థం కాలేదు. విశాఖపట్నంలో కళాశాల అధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆయన ప్రశ్నించారు. గురజాడ, గిడుగు దీనికి సమాధానం చెప్పగలరని అయ్యంగారు సూచించారు. ఆ నలుగురి ఆలోచనల కలయిక నుండి వాడుక భాషోద్యమం రూపుదిద్దుకొన్నది.

నాటి తరగతి గదిలోని ఇబ్బందిని ఊహించడం కష్టం కాదు. ఇంటిలో వచ్చాడు అనే పిల్లవాడు బడిలో వచ్చెను అని రాయాలి. తిన్నాను అనే నోటితోనే భుజించితిని అనాలి. పంతులు వాడుక మాటలలో పాఠం వివరిస్తే, విద్యార్థి దానిని గ్రాంథికంలోనికి మార్చి జవాబు రాయాలి. చరిత్ర బాగా తెలిసిన బాలుడు కూడా అరసున్న మరచినందుకు, సంధి తప్పినందుకు వెనుకబడవలసి వచ్చేది. మనసు విషయంపై నిలువక రూపంపైనే తారట్లాడేది. తన భావాన్ని తన మాటలలో రాయలేని విద్యార్థి కంఠస్థం చేయడానికే అలవాటు పడతాడని రామమూర్తి పంతులు వాదించారు. అదే కాలంలో ఐరోపాలో హెన్రీ స్వీట్, ఆటో యెస్పర్సన్ వంటి భాషాశాస్త్రవేత్తలు భాషాబోధన వాగ్రూపంతోనే ఆరంభం కావాలని ప్రతిపాదిస్తున్నారు.

ఆయనను ఎదిరించినవారు సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయ శాస్త్రి వంటి పండితులు గ్రాంథిక పక్షం వహించారు. వాడుక మాట ఊరూరికీ మారుతుందని, దానిని అంగీకరిస్తే భాషకు కట్టుబాటు తప్పుతుందని, ప్రాచీన కావ్యాలు రానున్న తరాలకు అందకుండా పోతాయని వారి భయం. ఆ భయం నిరాధారమైనది కాదు. రామమూర్తి పంతులు కూడా ప్రాచీన సాహిత్యాన్ని ద్వేషించలేదు. కావ్యభాషను చదివి ఆనందించడం వేరు, బాలుడు దినదినమూ ఆ భాషలోనే రాయాలని నిర్బంధించడం వేరు అని విడదీసి చూపారు. శిష్టులు మాట్లాడే భాషకు కూడా నియమం ఉన్నదని నిరూపించారు. గ్రాంథికవాదుల రచనలలోనే గ్రాంథిక నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపి, పండితులకే సాధ్యం కానిది పిల్లలకెలా సాధ్యమని నిలదీశారు.

1912–13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా రాయవచ్చునని ఉత్తర్వు వెలువడింది. అయితే వివాదం ముదిరి ఆ సౌలభ్యం రద్దయింది. 1915లో గురజాడ కన్నుమూశారు. 1911లోనే ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి పంతులు ఊరూరా తిరిగి సభలలో వాదించారు. 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే సంవత్సరం ఆయన ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపారు. పర్లాకిమిడిలో ఆయన వద్ద చదివిన తాపీ ధర్మారావు పత్రికారంగంలో వాడుక భాషకు స్థానం కల్పించారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, రామమూర్తి పంతులు దశాబ్దాలుగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. 1940 జనవరి 22న పరమపదించారు. పాఠ్యపుస్తకాలలో, పరీక్షలలో ఆధునిక భాష స్థిరపడడం ఆయన కన్నులారా చూడలేదు. స్వాతంత్ర్యానంతరం అది క్రమంగా నెరవేరింది. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

ఈ పోరాటం మద్రాసు రాజధానిలో సాగుతున్న కాలంలో మేడ్చల్, శామీర్‌పేట వంటి గ్రామాలు నిజాం పాలనలో ఉండేవి. అక్కడ పాలనకూ ఉన్నత విద్యకూ ఉర్దూయే భాష. తెలుగు బిడ్డకు ఇంటి మాటకూ బడి మాటకూ మధ్య దూరం మరింత ఎక్కువ. నేడు అక్కడి బడులలో తెలుగు బోధిస్తున్నారు. కాని హైదరాబాదు ఉత్తర శివార్లలోని పరిశ్రమలలో పనికై ఇతర రాష్ట్రాల నుండి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఇంట ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలకు, తండాలలో లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగే కొత్త భాష. నాడు బడి గడప వెలుపల నిలిచిన తెలుగు, నేడు గడప లోపల ఉన్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956 నుండి నిర్దేశిస్తున్నది. అటువంటి పిల్లలతో వారి మాటలలో నాలుగు పలుకులు పలికి, ఆ మెట్టు మీదుగా తెలుగులోనికి నడిపించే ఉపాధ్యాయుడే గిడుగువారికి నిజమైన వారసుడు.

విద్యార్థికి తెలిసిన దానినుండి తెలియని దానికి దారి వేయడమే బోధన. ఆ దారి వేయడానికి గురువే ముందుగా విద్యార్థి కావాలి. సవర పలుకులు నేర్వడానికి కూర్చొన్న నాటినుండి తుదిశ్వాస వరకు గిడుగు రామమూర్తి పంతులు ఆచరించి చూపిన పాఠం ఇదే.