పరదేశుల పొరుగింటామె జేన్ ఆడమ్స్

చికాగో అనగానే మన దేశమున చదువుకొన్నవారికి 1893 సెప్టెంబరు స్ఫురించును. అక్కడి విశ్వప్రదర్శన సందర్భమున జరిగిన సర్వమత మహాసభలో వివేకానందస్వామి ప్రసంగించినది ఆ నెలలోనే. మిషిగన్ సరస్సు ఒడ్డున తెల్లని మేడలు వరుసతీరిన ఆ ప్రదర్శనను చూచి లోకము ముక్కున వేలు వేసుకొన్నది. అక్టోబరు కడపట అది ముగిసినది. దాని వెంట వచ్చిన శీతకాలమును గురించి విన్నవారు మనలో తక్కువ. ఆ యేడు అమెరికాలో బ్యాంకులు కూలినవి, కర్మాగారములు మూతపడినవి. ప్రదర్శన మేడలు కట్టిన కూలీలకు, పని దొరకునని సముద్రములు దాటి వచ్చిన వలసజనమునకు పని లేదు, తలదాచుకొన చోటు లేదు. సరస్సు మీదినుండి మంచుగాలి కోయుచుండగా వందలాది మనుష్యులు పోలీసు ఠాణాలలోను, పురపాలక భవనపు నడవలలోను రాత్రులు వెళ్లదీసినారు.

ఆ చలిలో పశ్చిమ చికాగోయందలి హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత ఇటుకమేడ తలుపు మాత్రము మూయబడలేదు. తలుపు తీసిన ఆ యింటామె వయస్సు అప్పటికి ముప్పది మూడేండ్లు. ఆమె పేరు జేన్ ఆడమ్స్.

జేన్ 1860 సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రములోని సీడర్‌విల్ గ్రామమున జన్మించినది. తండ్రి జాన్ ఆడమ్స్ మరల యజమాని, శాసనసభ్యుడు, అబ్రహాం లింకనుకు మిత్రుడు. రెండేండ్లు దాటిన కొలదికాలమునకే తల్లి పోయినది. పసితనమున వచ్చిన వ్యాధివలన ఆమె వెన్నెముక వంగినది. తన వంటి వంకరపిల్ల ప్రక్కన నడచుట అందగాడైన తండ్రికి చిన్నతనమగునేమోయని తలచి, ప్రార్థనాలయము నుండి వచ్చునపుడు ఆ పిల్ల తండ్రిని విడిచి మరియొక బంధువు చేయి పట్టుకొని నడచెడిది. ఒకనాడు సమీప పట్టణములో పేదల యిరుకు కొంపలను చూచి, వీరిట్టి యిండ్లలో ఏల ఉన్నారని తండ్రిని ప్రశ్నించినది. కారణము విన్న పిమ్మట, తాను పెద్దదైన తరువాత పెద్ద యిల్లే కట్టుకొందుననియు, కాని దానిని గొప్పవారి మేడల నడుమ కాక ఇట్టి గుడిసెల నడుమనే కట్టుదుననియు చెప్పినదట. చిన్నపిల్లలు ఇట్టివి చాల చెప్పుదురు. ఈ పిల్ల చెప్పినది చేయుటకు ఇరువది సంవత్సరములు పైగా పట్టినది.

1881లో రాక్‌ఫర్డ్ విద్యాలయమున చదువు ముగిసినది. ఆ వేసవిలోనే తండ్రి మరణించినాడు. వైద్యము చదువబూని ఫిలడెల్ఫియా వెళ్లినది. వెన్నునొప్పి ఆ చదువును సాగనీయలేదు. తండ్రి విడిచిన ఆస్తి ఉన్నది, చదువు ఉన్నది, చేయుటకు పని లేదు. ఆనాటి ధనిక యువతుల వలెనే యూరపు యాత్రకు బయలుదేరినది. 1883లో లండను తూర్పుపేటలో ఒక శనివారము రాత్రి, ఆదివారమునకు నిలువని క్రుళ్లిన కూరగాయలను వేలము వేయుట చూచినది. దీపపు వెలుగులో గాలిలోకి చాచిన వందలాది వట్టిచేతులు ఆమెను చిరకాలము వెంటాడినవి. 1888లో మరల లండనుకు వచ్చి, విశ్వవిద్యాలయ యువకులు పేదల నడుమ కాపురముండి పనిచేయుచున్న టాయిన్‌బీ హాలును దర్శించినది. మరుసటి యేడు, 1889 సెప్టెంబరు 18న, స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్‌తో కలిసి చికాగోలో గృహప్రవేశము చేసినది. పూర్వము చార్లెస్ హల్ అను ధనికుడు కట్టించిన యిల్లగుటచే దానికి హల్ హౌస్ అను పేరు నిలిచినది.

ఆ యిల్లు ఉన్న 19వ వార్డులో ఇటాలియనులు, జర్మనులు, బొహీమియనులు, ఐరిషువారు, రష్యా పోలెండుల నుండి వచ్చిన యూదులు, తరువాత గ్రీకులు క్రిక్కిరిసి కాపురముండిరి. ఒకరి భాష ఒకరికి రాదు. నగరపు భాష పెక్కుమందికి రాదు. తల్లులు పనికి పోవునపుడు పిల్లలను ఉంచుకొనుట, రాత్రి బడిలో ఇంగ్లీషు నేర్పుట, పురుళ్లు పోయుట, పీనుగులకు స్నానము చేయించుట, ఇవి తొలినాళ్లలో ఆ స్నేహితురాండ్రు చేసిన పనులు. శాస్త్రీయమైన బలవర్ధకాహారమని ఒక వంటశాల కూడ తెరచినారు. ఆ చప్పిడి చారును పొరుగువారు ముట్టలేదు. తమకు నచ్చినదే తాము తిందుమన్నారు. జేన్ నవ్వుకొని ఊరుకొన్నది. పొరుగువారికి ఏమి కావలయునో వారినే అడుగవలెనను పాఠమునకు ఆ చారు తొలి రుసుము.

రెండవ పాఠమునకు చెల్లించిన రుసుము చాల పెద్దది. 1893-94 చలికాలమున సాయము కోరి వచ్చినవారిలో సరకులు పంపు గుమాస్తాపని పోగొట్టుకొన్న గృహస్థుడొకడుండెను. పని దొరకు మార్గములన్నియు వెదకిన తరువాతనే ఎవరికైనను ధర్మము చేయవలెనని నాటి ధర్మసంస్థల నియమము. నగరపు మురుగుకాలువ త్రవ్వకములో పని ఉన్నది గనుక అక్కడికి పొమ్మని జేన్ అతనికి చెప్పినది. తాను ఎప్పుడును గదిలో కూర్చుండి పనిచేసినవాడననియు, చలికాలమున ఆరుబయట పనికి తన శరీరము ఓర్వదనియు అతడు విన్నవించుకొన్నాడు. నియమము నియమమే. అతడు మరల మాటాడక వెళ్లి రెండు దినములు కాలువలో మట్టి త్రవ్వినాడు. న్యుమోనియా తగిలి వారములో మరణించినాడు. ఇద్దరు పసిబిడ్డలు మిగిలిరి. ఆ బిడ్డల యోగక్షేమములను ఆమె తరువాత ఎన్నడును మరువలేదు. తన తప్పును దాచుకొనలేదు. పదునారేండ్లు గడచిన పిమ్మట వ్రాసిన ఆత్మకథలో దానిని తానే లోకమునకు చెప్పినది. మనిషి బ్రతుకు మొత్తము తెలియక అతని కష్టమునకు మందు చెప్పరాదని ఆమె గ్రహించినది ఆ రెండు దినముల పనివలననే.

ఒక యింటి దయ ఒక నగరపు చలికి చాలదనియు ఆ యేటనే తెలిసినది. పేదవాడు రాక్షసిబొగ్గును బండ్లలెక్కన కొనలేడు, తట్టలెక్కన కొనును; గనుక అతనికే వెల ఎక్కువ పడును. దీనికి విరుగుడుగా హల్ హౌస్‌లో పొరుగువారితో ఒక సహకార బొగ్గుసంఘము నడచినది, కాని అది కొన్ని చలికాలములకు మించి నిలువలేదు. నిలువని పనులను ఆమె పట్టుకొని వ్రేలాడలేదు. నగరము చేయవలసిన పనిని నగరముచేతనే చేయించుట మేలని నిశ్చయించి పురపాలక భవనపు మెట్లెక్కినది.

మొదటి తగవు చెత్తతో వచ్చినది. వీధి అంచులకు బిగించిన పెద్ద కొయ్యపెట్టెలు పొంగిపొరలెడివి. వాటి చుట్టు పసిపిల్లలు ఆడుకొనెడివారు. ఫిర్యాదులు ఎన్ని చేసినను లాభము లేకపోగా, 1895లో ఆ వార్డు చెత్త ఎత్తు గుత్త తనకే ఇమ్మని ఆమె టెండరు వేసినది. సాంకేతిక దోషము చూపి దానిని త్రోసివేసినారు. కాని ఆ గొడవ పత్రికల కెక్కుటతో మేయరు ఆమెను ఆ వార్డు చెత్త తనిఖీదారుగా నియమింపక తప్పలేదు. జీతము సంవత్సరమునకు 1000 డాలర్లు. తెల్లవారుజామున ఆరింటికి చెత్తబండ్ల వెంట బయలుదేరి దిబ్బవరకు పోయి, బండ్లసంఖ్యను పెంచమని గుత్తదారును నిలదీసెడిది. పట్టభద్రురాలైన స్త్రీ చెత్తబండి వెంట నడచుట చూచి పొరుగు స్త్రీలే మొదట విస్తుపోయినారు. ఒక యిరుకు సందులో 18 అంగుళముల మురికి క్రింద రాళ్లు పరచిన బాట బయటపడినపుడు అక్కడ అట్టి బాట ఉన్నదన్న సంగతి ఆ వీధివారే నమ్మలేదు. మరణములలో నగరమున మూడవదిగానుండిన ఆ వార్డు ఏడవ స్థానమునకు దిగినది.

వార్డు సభ్యుడు జానీ పవర్స్‌ను ఎన్నికలలో ఓడించుటకు మాత్రము హల్ హౌస్ చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. అవినీతికి పేరుమోసిన ఆ సభ్యుడు క్రిస్మసుకు టన్నుల కొలది కోళ్లు, బాతులు పంచెడివాడు. ఖైదైనవానిని జామీనుపై విడిపించెడివాడు. దిక్కులేని శవమునకు బండి పంపెడివాడు. ఓటర్లు బుద్ధిహీనులని ఆమె నిందింపలేదు. ఆపదలో వచ్చి నిలిచినవానినే పేదవాడు మంచివాడనునని, చట్టము చేయవలసిన మేలును చట్టము చేయనంతకాలము పవర్సులు గెలుచుచునే యుందురని 1898లో ఒక వ్యాసము వ్రాసినది. ఓడినవారు వ్రాసిన ఎన్నికల విమర్శలలో అంత నిదానమైనది అరుదు. ఆమె సహవాసిని ఆలిస్ హామిల్టన్ 1902లో టైఫాయిడునకు ఈగలు కారణమని నిరూపింపబోయి పొరబడినది. అసలు దోషము మంచినీటి గొట్టములో మురుగు కలియుటయని తరువాత తేలినది. అయినను ఆ గొడవవలన ఆరోగ్యశాఖ మేలుకొనక తప్పలేదు.

ఉపాధ్యాయులు తెలిసికొనదగిన ముచ్చట ఒకటున్నది. హల్ హౌస్‌కు వంట నేర్చుకొనుటకు వచ్చు ఒక ఇటాలియను బాలిక, తలగుడ్డ చుట్టుకొని పల్లెటూరి పరికిణీతో వచ్చు తన తల్లి ప్రక్కన నడచుటకు సిగ్గుపడి వేరొక ద్వారమున లోపలికి వచ్చెడిది. ఆ తల్లి కదురు త్రిప్పి నూలు వడకుటలో నేర్పరి. వలస వచ్చిన వృద్ధుల చేతిపనులను ప్రదర్శించుటకై 1900లో జేన్ ఒక శ్రమప్రదర్శనశాలను నెలకొల్పి, ఆ తల్లిని అందు కూర్చుండబెట్టినది. చూడవచ్చిన పెద్దలు ఆమె నేర్పును మెచ్చుకొనుట బాలిక చెవిని పడినది. తల్లి ఊరిని గురించి, ఆ ఊరి జీవనమును గురించి జేన్ ఆ పిల్లకు చెప్పినది. ఆ తరువాత ఆ తల్లీకూతుండ్రు ఒకే ద్వారమున వచ్చుట మొదలైనది.

పరదేశులకు అన్నింటికంటె గడ్డుకాలము భయము పుట్టినపుడు వచ్చును. 1901లో అధ్యక్షుడు మెకిన్లీ హతుడైనపుడు, రష్యానుండి వచ్చి చికాగోలో అరాజకవాద పత్రికను నడపుచున్న అబ్రహాం ఐజాక్‌ను నిర్బంధించి, వకీలును కూడ చూడనీయక చెరలో పెట్టినారు. జేన్ మేయరు కడకు పోయి, ఖైదీకి చట్టమిచ్చిన హక్కు ఇమ్మని కోరి, తానే వెళ్లి అతనిని చూచినది. సాక్ష్యము లేక అతనిని విడిచిపెట్టినారు. ఆమెకు మాత్రము నిందలు మిగిలినవి. 1908 మార్చి 2న లాజరస్ ఆవర్‌బుక్ అను యూదు యువకుడు పోలీసు అధిపతి యింటికి వెళ్లి ఆ అధిపతిచేతనే కాల్పులకు బలియైనాడు. అతడు ఏ పనిమీద వెళ్లెనో నేటికిని తేలలేదు. మరునాటినుండి యూదుల పేటలో సోదాలు, నిర్బంధములు. జారుచక్రవర్తి పోలీసులకు జడిసి వచ్చినవారికి అదే అనుభవము ఇక్కడను ఎదురైనచో వారికి చట్టముపై విశ్వాసమెట్లు కుదురునని జేన్ వాదించినది. నిజము తేల్చుటకై వకీలును నియమించుటకు చందాలు ప్రోగుచేయుటలో పాల్గొన్నది. పెద్ద విరాళములిచ్చెడి ధనికులలో కొందరు దీనికి ముఖము చాటువేసినారు. ఆమె యింటి ఖర్చు వారి చెక్కులమీదనే నడచెడిదని గుర్తుంచుకొన్నచో ఆ పనిలోని తెగువ తెలియును.

ఆ యేడే హల్ హౌస్‌వారి పూనికతో వలసవారి రక్షణ సంఘము వెలసినది. గ్రేస్ అబట్ దానిని నడపినది. న్యూయార్కు రేవున దిగి చికాగోకు బయలుదేరిన ఒంటరి బాలికలలో కొందరు చేరవలసిన చిరునామాలకు చేరుట లేదని సంఘము కనుగొన్నది. రైలు స్టేషను ఎదుట ఒక విడిది ఏర్పరచి, వారివారి భాషలు వచ్చిన దుబాసీలను నియమించి, దిగినవారిని బంధువుల యిండ్లకు చేర్చినారు. పని యిప్పింతుమని కూలీలను మోసగించు ఏజంట్లపై చట్టము బిగియునట్లు చేసినారు.

తరువాతి కథ లోకమెరిగినది. 1915లో హేగులో యుద్ధ వ్యతిరేక స్త్రీల మహాసభకు ఆమె అధ్యక్షత వహించినది. అమెరికా యుద్ధములో దిగిన పిమ్మట, నిన్నటివరకు పొగడిన పత్రికలే ఆమెను దేశద్రోహి యన్నవి. 1920లో వేలాది వలసవారిని పట్టి దేశమునుండి వెడలగొట్టబూనినపుడు ఆమె మరల బహిరంగముగా ఎదిరించినది. 1931లో నోబెల్ శాంతి బహుమానము నికొలస్ మరే బట్లర్‌తో పాటు ఆమెకు లభించినది. ఆ సమయమున ఆసుపత్రిలో నుండుటచే ఓస్లోకు పోలేకపోయినది. 1935 మే 21న మరణించినది. హల్ హౌస్ ముంగిట శవపేటికను దర్శించుటకు వేలాది పొరుగువారు బారులు తీరినారు. సీడర్‌విల్‌లో తండ్రి సమాధి చెంతనే ఆమెను పూడ్చినారు.

తొలి మేడ చుట్టు ఆమె కట్టించిన భవనములను, పేటలోని యిండ్లను కూల్చి అచ్చట విశ్వవిద్యాలయము కట్టవలెనని 1961లో నగరము తీర్మానించినది. ఆ పేటలోని ఇటాలియను, గ్రీకు, మెక్సికను కుటుంబముల స్త్రీలు మేయరు కార్యాలయములో బైఠాయించినారు, న్యాయస్థానములకు ఎక్కినారు. వారికి నాయకురాలు ఫ్లోరెన్స్ స్కాలా, ఇటాలియను దర్జీ కూతురు. చిన్ననాట హల్ హౌస్‌లో ఆడి పాడినది. వారు ఓడిపోయినారు. చార్లెస్ హల్ కట్టించిన మేడయు, దాని భోజనశాలయు మాత్రము నిలిచినవి. విశ్వవిద్యాలయపు ఆవరణలో అవి నేడు ప్రదర్శనశాలగా నున్నవి.