ఎడ్ వుడ్

ఎడ్ వుడ్ (అక్టోబరు 10, 1924 - డిసెంబరు 10, 1978) అమెరికాకు చెందిన చలనచిత్ర దర్శకుడు, రచయిత, నిర్మాత మరియు నటుడు. పూర్తి పేరు ఎడ్వర్డ్ డేవిస్ వుడ్ జూనియర్. 1950లలో అతి తక్కువ ఖర్చుతో భయానక, విజ్ఞాన కల్పన, నేరకథా చిత్రాలను నిర్మించాడు. బ్రతికి ఉన్న కాలంలో హాలీవుడ్‌లో ఇతడి పేరు తెలిసినవారు బహు కొద్దిమంది. మరణించిన రెండేళ్ళకు ఒక పుస్తకం ఇతడిని చలనచిత్ర చరిత్రలోకెల్లా అధ్వాన్న దర్శకుడిగా ప్రకటించింది. పాత చౌకబారు చిత్రాలను ప్రదర్శిస్తూ, వాటి మీద హాస్య వ్యాఖ్యానం చెప్పే కళాకారులకు ఆ తరువాత ఇతడి చిత్రాలు మంచి ముడిసరుకు అయ్యాయి.

బాల్యం, సైనిక జీవితం

వుడ్ న్యూయార్క్ రాష్ట్రంలోని పకీప్సీ పట్టణంలో జన్మించాడు. తండ్రి తపాలా శాఖలో ఉద్యోగి. వుడ్‌కు చిన్ననాటి నుండి సినిమాలన్నా, చౌక కథల పత్రికలన్నా మిక్కిలి ఇష్టం. బేలా లుగోసీ నటించిన భయానక చిత్రాలంటే మరీ మక్కువ. బాల్యంలోనే ఒక చిన్న సినిమా కెమెరాను కానుకగా పొందాడు. కొంతకాలం ఊరి సినిమాహాలులో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేశాడు.

జపాను పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన తరువాత, 1942లో అమెరికా మెరైన్ దళంలో చేరి పసిఫిక్ ప్రాంతంలో పనిచేశాడు. ఇతడు తరువాత చెప్పుకొన్న యుద్ధగాథలలో అతిశయోక్తి పాలు ఎక్కువని జీవితచరిత్రకారుల అభిప్రాయం.

హాలీవుడ్ ప్రవేశం

1947లో వుడ్ హాలీవుడ్ చేరుకున్నాడు. 1948లో ప్రారంభించిన ఒక పశ్చిమ ప్రాంత కథాచిత్రం పూర్తి కాలేదు. ఇతడు దర్శకత్వం వహించిన మొదటి పూర్తి నిడివి చిత్రం గ్లెన్ ఆర్ గ్లెండా 1953లో విడుదలయింది. ఆ రోజులలో క్రిస్టీన్ జోర్గెన్సన్ లింగమార్పిడి చికిత్స వార్త పత్రికలలో సంచలనం కలిగించింది. దానిని సొమ్ము చేసుకొనే ఉద్దేశంతో నిర్మాత జార్జ్ వైస్ ఈ చిత్రాన్ని తలపెట్టాడు. వుడ్‌కు స్త్రీల దుస్తులు, ముఖ్యంగా అంగోరా ఉన్ని స్వెట్టర్లు ధరించడం ఇష్టం. అందువలన నిర్మాత కోరిన కథను చాలావరకు తన కథగా మార్చివేశాడు. డేనియల్ డేవిస్ అనే మారుపేరుతో కథానాయకుడి పాత్రను తానే ధరించాడు. అప్పటి తన ప్రియురాలు డొలోరెస్ ఫుల్లర్‌ను కథానాయికగా ఎంచుకున్నాడు. కథనం గందరగోళంగా ఉన్నప్పటికీ, ఇటువంటి వ్యక్తులను సమాజం సహనంతో చూడాలని ఈ చిత్రం కోరింది. ఆ కాలపు అమెరికన్ చిత్రాలలో అది అరుదైన విషయం.

బేలా లుగోసీతో స్నేహం

1931లో వచ్చిన డ్రాక్యులా చిత్రంతో లుగోసీ ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. 1950ల నాటికి అవకాశాలు తగ్గి, మార్ఫిన్ వ్యసనంతో దీనస్థితిలో ఉన్నాడు. చిన్ననాడు తాను ఆరాధించిన ఆ నటుడికి వుడ్ తన చిత్రాలలో వేషాలు ఇచ్చాడు. దీనివలన వృద్ధ నటునికి పని దొరికింది, వుడ్ చిత్రాలకు పేరున్న నటుడు లభించాడు.

బ్రైడ్ ఆఫ్ ద మాన్‌స్టర్ (1955) చిత్రంలో లుగోసీ పిచ్చి శాస్త్రవేత్తగా నటించాడు. మాంసం వ్యాపారి ఒకరు ఈ చిత్రానికి పెట్టుబడి పెట్టగా, ఆయన కుమారుడే కథానాయకుడయ్యాడు. చిత్రంలోని రబ్బరు ఆక్టోపస్‌ను కదిలించే యంత్రం లేకపోవడంతో, నటుడే దాని చేతులను తన శరీరానికి చుట్టుకొని పెనుగులాడుతున్నట్లు నటించవలసి వచ్చింది. ఈ దృశ్యం తరువాతి తరాలను ఎంతగానో నవ్వించింది.

లుగోసీ 1955లో వ్యసన విముక్తి కోసం స్వయంగా ఆసుపత్రిలో చేరి కోలుకున్నాడు కానీ, 1956 ఆగస్టు 16న మరణించాడు.

ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్

మరణానికి ముందు లుగోసీతో తీసిన కొద్ది నిమిషాల మూకీ దృశ్యాలు వుడ్ వద్ద మిగిలాయి. వాటి చుట్టూ అల్లిన కథే ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్. మానవులు విశ్వాన్ని నాశనం చేయగల ఆయుధాన్ని తయారు చేయకముందే వారిని ఆపాలని గ్రహాంతరవాసులు శవాలను లేపడం ఇందులోని ఇతివృత్తం. మిగిలిన దృశ్యాలలో లుగోసీకి బదులుగా, వుడ్ భార్యకు వెన్నెముక చికిత్స చేసే టామ్ మేసన్ నటించాడు. ఇద్దరికీ ముఖకవళికలలో పోలిక లేనందున అతడు నల్లని అంగీతో ముఖాన్ని కప్పుకొని కనిపిస్తాడు. మల్లయోధుడు టోర్ జాన్సన్, టెలివిజన్‌లో భయానక చిత్రాలను పరిచయం చేస్తూ పేరు పొందిన వాంపీరా, జోస్యాలు చెప్పే క్రిస్వెల్ ఇతర తారాగణం.

చిత్రానికి బాప్టిస్ట్ క్రైస్తవ సంఘ సభ్యులు ధనసహాయం చేశారు. వారిని సంతృప్తి పరచడానికి వుడ్, జాన్సన్‌లు బాప్తిస్మం పొందారు. సమాధుల దొంగలు అనే అర్థం వచ్చే మొదటి పేరు వారికి నచ్చకపోవడంతో దానిని మార్చారు. ఒకే సన్నివేశంలో పగలు, రాత్రి మారిపోవడం, సమాధి రాళ్ళు ఊగడం వంటి లోపాలు ప్రసిద్ధి చెందాయి. పళ్ళాలను ఎగురవేసి పళ్ళెపు నౌకలుగా చూపించారనే ప్రచారం నిజం కాదు. అవి బజారులో దొరికే ప్లాస్టిక్ బొమ్మలు. 1957 మార్చిలో తొలిసారి ప్రదర్శింపబడిన ఈ చిత్రం అప్పట్లో ఎవరి దృష్టినీ ఆకర్షించలేదు.

చివరి రోజులు

నైట్ ఆఫ్ ద ఘూల్స్ చిత్రం పూర్తయినా, ప్రయోగశాల బాకీ చెల్లించలేకపోవడంతో 1980ల వరకు వెలుగు చూడలేదు. ద సినిస్టర్ అర్జ్ (1960) తరువాత వుడ్‌కు అవకాశాలు సన్నగిల్లాయి. జీవనోపాధి కోసం చౌక శృంగార నవలలు, అశ్లీల చిత్రాలకు కథలు వ్రాశాడు. ఇతడి పేరుతోను, మారుపేర్లతోను వచ్చిన నవలలు 80కి పైగా ఉన్నాయి. ప్రతిఫలం స్వల్పం. మద్యపానం ఆరోగ్యాన్ని దెబ్బతీసింది.

1978 డిసెంబరులో అద్దె చెల్లించలేక వుడ్, ఆయన భార్య క్యాథీ ఇంటి నుండి గెంటివేయబడ్డారు. మిత్రుడైన నటుడు పీటర్ కో వారికి ఆశ్రయం ఇచ్చాడు. కొద్ది రోజులకే, డిసెంబరు 10న, వుడ్ ఆయన ఇంటిలో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయస్సు 54 సంవత్సరాలు.

మరణానంతర ప్రసిద్ధి

1980లో హ్యారీ మెడ్‌వెడ్, మైకేల్ మెడ్‌వెడ్ సోదరులు వ్రాసిన గోల్డెన్ టర్కీ అవార్డ్స్ అనే పుస్తకం వుడ్‌ను అధ్వాన్న దర్శకుడిగాను, పాఠకుల ఓట్ల ఆధారంగా ప్లాన్ 9ను అధ్వాన్న చిత్రంగాను ప్రకటించింది. దీనితో ఈ చిత్రాన్ని చూసి నవ్వుకోవడానికి జనం సినిమాహాళ్ళకు రాసాగారు. 1982లో వచ్చిన ఇట్ కేమ్ ఫ్రమ్ హాలీవుడ్ అనే సంకలన చిత్రంలో డాన్ అక్రాయిడ్, జాన్ క్యాండీ, గిల్డా రాడ్నర్ వంటి హాస్యనటులు పాత చిత్రాల ముక్కలను పరిహసించారు. అందులో ఒక భాగం వుడ్ చిత్రాలకు కేటాయించబడింది.

రుడాల్ఫ్ గ్రే వ్రాసిన జీవితచరిత్ర 1992లో వెలువడింది. దాని ఆధారంగా టిమ్ బర్టన్ 1994లో ఎడ్ వుడ్ అనే చిత్రం తీశాడు. జానీ డెప్ వుడ్‌గా నటించాడు. లుగోసీ పాత్ర ధరించిన మార్టిన్ లాండౌకు ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ లభించింది.

హాస్య వ్యాఖ్యాన కార్యక్రమాలు

జోయెల్ హాడ్జ్‌సన్ రూపొందించిన మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 అనే కార్యక్రమం 1988లో మినియాపోలిస్ నగరంలోని ఒక స్థానిక టెలివిజన్ కేంద్రంలో మొదలయింది. అంతరిక్షంలో బందీ అయిన మనిషి, అతడు చేసుకున్న రెండు రోబో బొమ్మలు చెత్త సినిమాలు చూస్తూ, మాటకు మాట అంటిస్తూ కాలం గడపడం ఇందులోని కల్పన. తెర అడుగు భాగంలో వారి నీడలు కనిపిస్తాయి. రచయితలు చిత్రాన్ని పలుమార్లు చూసి, సంభాషణల మధ్య ఖాళీలలో ఇమిడేలా చమత్కారాలను వ్రాసేవారు. దీర్ఘమైన నిశ్శబ్దాలు, పొంతన లేని సంభాషణలు గల వుడ్ చిత్రాలు ఈ పద్ధతికి చక్కగా సరిపోయాయి. బ్రైడ్ ఆఫ్ ద మాన్‌స్టర్ 1993లోను, వుడ్ కథ అందించిన ద వయొలెంట్ ఇయర్స్, ఇతడి దర్శకత్వంలోని ద సినిస్టర్ అర్జ్ 1994లోను ఇందులో ప్రసారమయ్యాయి.

ఈ కార్యక్రమ సభ్యులైన మైకేల్ నెల్సన్, కెవిన్ మర్ఫీ, బిల్ కార్బెట్ తరువాత రిఫ్‌ట్రాక్స్ పేరుతో వ్యాఖ్యానాలు కొనసాగించారు. వారు 2009 ఆగస్టు 20న ప్లాన్ 9పై చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని అమెరికాలోని అనేక సినిమాహాళ్ళలో ప్రసారం చేశారు.

అంచనా

అధ్వాన్న దర్శకుడనే బిరుదును అంగీకరించని విమర్శకులు ఉన్నారు. వుడ్ చిత్రాలకంటే నిస్సారమైన చిత్రాలు అనేకం ఉన్నాయని, అవి విసుగు పుట్టించడం చేత మరుగున పడిపోయాయని వారి వాదన. వుడ్ ప్రేక్షకులను నవ్వించాలని ఈ చిత్రాలు తీయలేదు. డబ్బు, సమయం, నైపుణ్యం లేకపోయినా తాను నమ్మిన కథనే తెరకెక్కించాడు. ఆ నమ్మకానికి, తెరపై కనిపించే ఫలితానికి మధ్య ఉన్న అంతరమే నవ్వు పుట్టిస్తుంది. పరిహాసం ఇతడి చిత్రాలను మరుగున పడకుండా కాపాడింది. అయితే ఆ కీర్తిని గానీ, దానివలన వచ్చిన ఆదాయాన్ని గానీ చూడడానికి ఇతడు జీవించి లేడు.

ముఖ్యమైన చిత్రాలు

గ్లెన్ ఆర్ గ్లెండా (1953)
జైల్ బెయిట్ (1954)
బ్రైడ్ ఆఫ్ ద మాన్‌స్టర్ (1955)
ద వయొలెంట్ ఇయర్స్ (1956) - రచన మాత్రమే
ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్ (1957)
ద సినిస్టర్ అర్జ్ (1960)
ఆర్జీ ఆఫ్ ద డెడ్ (1965) - రచన మాత్రమే