పీటర్ మార్క్ రోజే

పీటర్ మార్క్ రోజే (జనవరి 18, 1779 - సెప్టెంబర్ 12, 1869) బ్రిటిష్ వైద్యుడు, శాస్త్రవేత్త, నిఘంటుకారుడు. దగ్గరి అర్థాలు గల ఆంగ్ల పదాలను భావాలవారీగా వర్గీకరించిన 'థెసారస్' అనే గ్రంథానికి కర్తగా ప్రసిద్ధుడు. గ్రీకు మూలం నుండి వచ్చిన ఆ పేరుకు ధనాగారం అని అర్థం. మన 'కోశం' అనే మాటకూ ఈ అర్థముంది.

బాల్యం, విద్య

రోజే లండన్‌లో జన్మించాడు. తండ్రి జాన్ రోజే జెనీవాకు చెందిన క్రైస్తవ మతబోధకుడు. కుమారునికి నాలుగేళ్ళ వయసులో, 1783లో మరణించాడు. తల్లి కేథరిన్, న్యాయసంస్కర్త శామ్యూల్ రోమిల్లీకి సోదరి. ఆ కుటుంబంలో మానసిక వ్యాధులు ఎక్కువ. రోజే ఎనిమిదేళ్ళ వయసుకే నోటుపుస్తకంలో మాటలను జాబితాలుగా రాసుకొనేవాడు. అస్థిరమైన ఇంటి వాతావరణంలో ఆ జాబితాలే అతనికి ఊరటనిచ్చాయని కొందరు జీవితచరిత్రకారులు భావించారు. ఎడిన్‌బరోలో చదివి 1798లో, పంతొమ్మిదేళ్ళకే వైద్యపట్టా పొందాడు.

వృత్తి

1802లో ఇద్దరు మాంచెస్టర్ బాలురకు ఉపాధ్యాయుడిగా ఐరోపా యాత్రకు వెళ్ళాడు. 1803లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య మళ్ళీ యుద్ధం రావడంతో, అప్పటికి ఫ్రాన్సులో కలిసివున్న జెనీవాలో చిక్కుకొన్నాడు. తండ్రి జెనీవా పౌరుడని రుజువు చేసి బయటపడ్డాడు. తరువాత మాంచెస్టర్‌లోనూ, 1808 నుండి లండన్‌లోనూ వైద్యం చేశాడు. 1815లో రాయల్ సొసైటీ సభ్యుడై, 1827 నుండి 1848 వరకు దాని కార్యదర్శిగా పనిచేశాడు. ఘాతాలు, మూలాలు లెక్కించే స్లైడ్ రూల్‌ను రూపొందించాడు. 1818లో భార్యావియోగంతో కుంగిన మేనమామ రోమిల్లీ, రోజే వైద్యం చేస్తుండగానే ఆత్మహత్య చేసుకొన్నాడు. రోజే భార్య మేరీ 1833లో మరణించింది.

థెసారస్

1805లో రోజే తన రచనల అవసరం కోసం ఒక చిన్న పదపట్టికను తయారు చేసుకొన్నాడు. అది నలభయ్యేళ్ళకు పైగా అతని సొంత వాడకంలోనే ఉండిపోయింది. కార్యదర్శి పదవి విడిచాక దానిని విస్తరించి, 1852లో, డెబ్బైమూడేళ్ళ వయసులో ప్రచురించాడు. నైరూప్య సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, అనుభూతులు అనే ఆరు తరగతుల కింద వేయి శీర్షికలను అమర్చాడు. పరస్పర విరుద్ధ భావాలను పక్కపక్కనే ఉంచాడు.

ఈ గ్రంథంలో పదాలకు అర్థవివరణలు లేవు. అంతకుముందు హెస్టర్ పియోజీ (1794), జార్జ్ క్రాబ్ (1816) తమ పుస్తకాలలో సమీపార్థక పదాల మధ్య భేదాలను వివరించారు. రోజే ఆ పనికి పూనుకోలేదు. పాఠకునికి మాట తెలిసే ఉంటుంది, సమయానికి తట్టదు, ముందుంచితే తగినదానిని తానే ఎన్నుకొంటాడు అన్నది అతని ఆలోచన. ఆంగ్లం పుట్టుభాషైన వారికి ఇది చక్కగా సరిపోతుంది. ఇతరులకు మాత్రం ఇక్కడే చిక్కు. 'థిన్', 'స్లెండర్', 'స్కిన్నీ' మూడూ సన్నదనాన్నే చెబుతాయి. కాని మొదటిది ఉన్న సంగతి మాత్రమే చెబుతుంది, రెండవది నాజూకుతనాన్ని మెచ్చుకొంటుంది, మూడవది బక్కచిక్కిన దేహాన్ని కాస్త చులకన చేస్తుంది. ఒకదాని బదులు మరొకటి వాడితే పొగడ్త ఎగతాళి కావచ్చు. అందువల్ల విద్యార్థులు థెసారస్‌లో దొరికిన మాటను నిఘంటువులో కూడా చూసి వాడటం అవసరం.

అమరకోశం ప్రస్తావన

ఇటువంటి ప్రయత్నాలలో తనకు తెలిసినంతవరకు మొదటిది సంస్కృత అమరకోశమని రోజే పీఠికలో పేర్కొన్నాడు. 1808లో సేరంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదాన్ని ఉదహరించాడు. అయితే దాని వర్గీకరణ అసంపూర్ణంగా, గజిబిజిగా ఉందన్నాడు. ఇది పూర్తిగా న్యాయమైన మాట కాదు. అమరకోశం కంఠస్థం చేయడానికి శ్లోకాలలో కూర్చినది, రోజే గ్రంథం పుటలు తిప్పి వెతుక్కోవడానికి చేసినది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామ సంగ్రహము కూడా వర్గాలవారీగా సాగే పద్యకోశమే.

చివరి రోజులు

రోజే చివరివరకు గ్రంథాన్ని సవరిస్తూనే ఉన్నాడు. అతని జీవితకాలంలోనే అది ఇరవైకి పైగా ముద్రణలు పొందింది. తొంభయ్యవ ఏట వెస్ట్ మాల్వెర్న్‌లో మరణించాడు. కుమారుడు జాన్ లూయీ రోజే 1879లో కొత్త కూర్పు వెలువరించి, చివరనున్న అకారాది సూచికను బాగా పెంచాడు. ఆ తరువాత మనుమడు శామ్యూల్ రోమిల్లీ రోజే సంపాదకత్వం వహించాడు.