సర్ రాబర్టు మెకారిసను దొరగారి జీవితము

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో అనేకులు పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతముల నుండి వచ్చువారు. వీరిలో కొందఱి యిండ్లలో తండ్రియో, తాతయో, పినతల్లియో మూత్రపిండముల వ్యాధిచే బాధపడుచున్నారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండి, ఉద్యానమను మాట నుండియే పేరు పొందినదని పెద్దలు చెప్పు మన ఉద్దానమున ఈ వ్యాధి యెందుకు వచ్చినదని పిల్లలు మమ్ము పలుమారు అడిగియున్నారు. దీనికి నిశ్చయమైన యుత్తరము లోకమున ఇంకను ఎవ్వరును చెప్పలేదు. కాని యిట్టి ప్రశ్నకు ఉత్తరము వెదకుట యెట్లో, ఆ వెదకుటలో ఎంత యోర్పు, ఎంత సత్యసంధత కావలయునో తెలిసికొనుటకు ఒక వైద్యుని జీవితము మనకు మిక్కిలి తోడ్పడును. ఆయనయే సర్ రాబర్టు మెకారిసను దొరగారు. మన తీరపు అన్నము, మన తీరపు రోగము ఆయన పరిశోధనలో చేరియుండుటచే ఈ కథ మనకు పరాయి కథ కాదు.

మెకారిసనుగారు 1878వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఐర్లండు దేశపు ఉత్తరభాగమున పోర్టడౌను అను పట్టణమున జనించిరి. బెల్ఫాస్టు నగరమందలి క్వీన్సు కళాశాలలో వైద్యశాస్త్రము అభ్యసించి 1900వ సంవత్సరమున పట్టము పొందిరి. మఱుసటి యేట ఇండియను మెడికలు సర్వీసులో చేరి మన దేశమునకు వచ్చిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదిమూడు సంవత్సరములు మాత్రమే. వారిని ప్రభుత్వమువారు హిమాలయములకు ఆవలి కొసయందున్న చిత్రాలు, గిల్గిత్తు అను కొండప్రాంతములకు పంపిరి. అచ్చట పెద్ద ఆసుపత్రి లేదు, ప్రయోగశాల లేదు, తోడి వైద్యులు లేరు. అట్టి చోట తనకేమి పని కలదని నిట్టూర్చువారు అనేకులు. మెకారిసనుగారు అట్లు నిట్టూర్పక, గ్రామములనే తన ప్రయోగశాలగా చేసికొనిరి. సిపాయిలను వేసవిలో పీడించు మూడుదినముల జ్వరమును శ్రద్ధతో గమనించి, దానిని వ్యాపింపజేయునది ఇసుక ఈగ యై యుండవచ్చునని ఊహించిరి. ఆ యూహ తరువాత ఇతరుల పరిశోధనలచే స్థిరపడెను.

గిల్గిత్తులోయలో వారికి కనబడిన మఱియొక వింత గలగండము. అనగా మెడ ముందఱి గ్రంథి ఉబ్బుట. ఆ లోయలో కొన్ని గ్రామములు ఒకే కాలువ వెంబడి మెట్లవలె ఒకదాని క్రింద నొకటి యుండెను. పై యూరివారు వాడిన నీరు క్రింది యూరికి, అచ్చటి నుండి దాని క్రింది యూరికి పాఱుచుండెను. మెకారిసనుగారు ఇల్లిల్లు తిరిగి మెడలు పరీక్షించి లెక్క వ్రాసిరి. పై యూర నూటికి సుమారు 12 మందికి గలగండముండగా, క్రిందికి పోయిన కొలదియు లెక్క పెరుగుచు, అడుగు నున్న యూర నూటికి సుమారు 45 మందికి ఉండెను. ఆ చేరువనే తన యూట నీరు తానే త్రాగు గ్రామమొకటి యీ బాధ నుండి ఇంచుమించు తప్పించుకొనియుండెను. ఖరీదైన యంత్రమొక్కటియు లేకుండ, కాలినడకయు, కాగితమును, కలమును మాత్రమే సాధనములుగా, రోగమునకును నీటికిని గల సంబంధమును ఆయన ఇట్లు చూపిరి.

అంతటితో తృప్తి పొందలేదు. ఆ నీటిలో తేలు మడ్డిని వేఱుచేసి, తామును, తమ యిష్టముతో ముందుకు వచ్చిన మఱికొందఱును దినదినము త్రాగిరి. వేఱొక గుంపు అదే మడ్డిని మరగించి త్రాగెను. మరగింపనిది త్రాగినవారిలో కొందఱికి మెడ ఉబ్బెను; మరగించినది త్రాగినవారికి ఉబ్బలేదు. పరుల శరీరముపై పరీక్ష చేయుటకు ముందు తన శరీరమును ఒడ్డుట యెంతటి ధర్మమో విద్యార్థులు గమనింపవలెను.

ఇచ్చట ఒక సంగతి దాచిపెట్టుట తగదు. మలినజలమందలి సూక్ష్మజీవియే గలగండమునకు మూలమని మెకారిసనుగారు ఆ దినములలో తలంచిరి. అయొడీను అను పదార్థము ఆహారమున లోపించుటయే ముఖ్యకారణమని శాస్త్రము నేడు నిర్ణయించియున్నది. మన నౌపాడ మడులలో పండు ఉప్పువంటి ఉప్పునకు కూడ, అంగళ్ళకు తినుటకై పోవునప్పుడు అయొడీను కలుపుట అందుకొఱకే. కాబట్టి మెకారిసనుగారు ఎంచిన లెక్క నిలిచినది. ఆ లెక్కకు వారు చెప్పిన భాష్యము పూర్తిగా నిలువలేదు. వారు లెక్కను నమ్మకముగా వ్రాసి పెట్టుటచేతనే తరువాతి వారికి దానిని మరల పరిశీలించుటకు వీలు కలిగెను.

ఆ కొండలలోనే హుంజా అను చిన్న సంస్థానమున బలముగా, చుఱుకుగా నున్న ప్రజలను వారు చూచిరి. వైద్యులు రోగులను చూతురు గాని ఆరోగ్యవంతులను చూడరు. మెకారిసనుగారికి మాత్రము వీరు ఎందుకు ఆరోగ్యముగా నున్నారను ప్రశ్న తోచెను. గోధుమ, కూరలు, పండ్లు, పాలు వీరి ఆహారము. ఆహారమునకును ఆరోగ్యమునకును గల సంబంధము ఏమి యను తలంపు అప్పుడు వారి మనస్సున నాటుకొని, జీవితాంతము వదలలేదు.

1918వ సంవత్సరమున నీలగిరులపై కూనూరులోని పాశ్చరు సంస్థలో ఒకే ఒక గది వారి కొసగబడెను. ఆ గదిలో ఆరంభించిన పని బెరిబెరి వ్యాధిని గూర్చిన విచారణ. ఈ వ్యాధి మన తీరమునకు క్రొత్తది కాదు. ఉత్తర సర్కారులలోని బెరిబెరిని గూర్చి మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్సను 1835లోనే గ్రంథము వ్రాసియుండెను. కాళ్ళు తిమ్మిరి యెక్కును, పిక్కలు నొచ్చును, పాదములు పొంగును, తుదకు ఆయాసముతో గుండె ఆగిపోవును. మెకారిసనుగారి కాలమున మన టెక్కలి, సోంపేట ప్రాంతములు గంజాము జిల్లాలోనివి. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఇవి విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడెను. జిల్లా పేరు మాఱినను తినెడి యన్నము మాఱలేదు గదా.

అంతకు ముందే జావా ద్వీపమున ఐక్‌మను అను డచ్చి వైద్యుడు తెల్లని మరబియ్యము తినిపించిన కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగా మరల లేచుటయు చూచియుండెను. మెకారిసనుగారు కూనూరున పావురములపైనను, కోతులపైనను పరీక్షలు జరిపి, ఆహారలోపము కాళ్ళను మాత్రమేగాక ప్రేవులను, గ్రంథులను, గుండెను సయితము ఎట్లు చెఱచునో వివరించిరి. 1921లో ఆహారలోప వ్యాధులను గూర్చిన వారి గ్రంథమును, 1924లో నారిసుగారితో కలిసి భారతదేశపు బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి వ్రాసిన గ్రంథమును వెలువడినవి.

ఈ శోధనల ఫలమును మన వంటయింటి మాటలలో చెప్పవచ్చును. రోట దంచిన బియ్యమునకు పైపొర కొంత మిగులును. మరలో తెల్లగా ఆడించిన పచ్చిబియ్యమునకు అది మిగులదు. ఆ పైపొరలోనే బి-1 అను విటమిను కలదు. దానిని పశువుల తొట్టిలో పోసి, తెల్లని గింజను మనము తిందుము. పలుమారులు కడిగి, గంజి వార్చి పాఱబోసినచో మిగిలినదియు పోవును. ఉప్పుడు బియ్యపు సంగతి వేఱు. వడ్లను నానవేసి ఉడికించునప్పుడు పైపొరలోని సత్తువ గింజలోనికి చొచ్చుకొనిపోవును. కావున మరలో ఆడించినను కొంత నిలుచును. దక్షిణదేశమున ఉప్పుడు బియ్యము తినువారికి రాని బెరిబెరి, సర్కారు తీరమున పచ్చి మరబియ్యము తినువారికి వచ్చుటలోని మర్మమిదియే.

ఇంతలో పెద్ద విఘ్నము కలిగెను. ప్రభుత్వవ్యయమును తగ్గించుటకై ఏర్పడిన ఇంచికేపు సంఘముయొక్క సిఫారసు ననుసరించి 1923లో ఈ పరిశోధనకు ధనము నిలిపివేయబడెను. సంవత్సరముల శ్రమతో సాగిన పని ఒక్క కలపు గీతతో ఆగిపోయెను. ఆయన నిరాశ పడలేదు. 1925లో విచారణ మరల ప్రారంభమైనప్పుడు, విడిచిన చోటనే పని నెత్తుకొనిరి. కొలది సంవత్సరములలో ఆ ఒక్క గది ఆహార పరిశోధనాలయ మయ్యెను.

అప్పుడు వారు చేసిన ఎలుకల పరీక్ష లోకప్రసిద్ధము. ఒకే యీడు, ఒకే తూకము గల ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు మన దేశమందలి ఒక్కొక్క ప్రాంతపువారి ఆహారమును పెట్టిరి. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు గల సిక్కుల ఆహారము తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగెను. కడిగిన మరబియ్యపు అన్నమే ప్రధానముగా గల మద్రాసు ఆహారము తిన్నవి 155 గ్రాములు మాత్రమే తూగెను. ఈ పరీక్ష మనవారిని చిన్నబుచ్చుటకు చేసినది కాదు. తెల్లరొట్టె, కృత్రిమపు వెన్న, తియ్యని తేనీరు గల ఇంగ్లండు బీదల ఆహారమును కూడ వారు అట్లే పరీక్షించిరి. ఆ యెలుకలు గిడసబారి, తుదకు తమలో బలహీనమైన వాటిని తినజొచ్చెను. తన దేశపు లోపమును పరదేశపు లోపముతో ఒకే త్రాసున తూచుట న్యాయబుద్ధి గదా. ఆహారలోపముచే ఎలుకల మూత్రాశయమున రాళ్ళు పుట్టుటయు, పాలు చేర్చినచో అవి తగ్గుటయు కూడ ఆయన చూపిరి. అది మన ఉద్దానపు వ్యాధి కాదు. కాని మూత్రమార్గపు బాధకు అన్నపుపళ్ళెమున కారణము వెదకవచ్చునని చూపినవారిలో ఆయన ఒకరు.

1933లో వారికి సర్ బిరుదము లభించెను. 1935లో ఉద్యోగమును విరమించి స్వదేశమునకు పోయిరి. వారి స్థానమునకు వచ్చిన ఐక్రాయిడుగారు తన సహచరుడు కృష్ణన్‌గారితో కలిసి, మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను లెక్కించి 1941లో ప్రకటించిరి. రెండవ నెల మొదలు అయిదవ నెల వఱకు చంటిపిల్లలు అచ్చట అధికముగా చనిపోవుచుండిరి. తల్లి తిన్న అన్నములో సత్తువ లేకపోగా, ఆమె చనుబాలలోను అది లేకపోయెను. పైకి పుష్టిగా నున్న శిశువు హఠాత్తుగా ప్రాణము విడుచుచుండెను. దృష్టి తగిలినదనియో, గాలి సోకినదనియో తలచి ఎందఱు తల్లులు గుండెలు బాదుకొనిరో! కారణము ఇంటి బియ్యపుకుండలో నుండెను. ఒక కుటుంబమున ఒకరి పళ్ళెము మఱియొకరి ప్రాణమని దీనివలన తేటపడినది.

మెకారిసనుగారు ఆక్సుఫర్డున వైద్యవిద్యకు సేవచేసి, 1960వ సంవత్సరము మే 18వ తేదీన పరలోకగతులైరి. వారు ఒక్క గదిలో నాటిన విత్తు కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించి, నేడును మన తెలుగునాట ఫలించుచున్నది.

ఇక మన సంగతి. ఉద్దానపు గ్రామములలో ఇటీవలి సంవత్సరములలో ఇంటింటి పరీక్షలు జరిగినవి. విశాఖపట్టణపు వైద్యులును, జార్జి సంస్థ పరిశోధకులును రక్తము, మూత్రము పరీక్షించి, పెద్దవారిలో అయిదుగురికి ఇంచుమించు ఒకరికి మూత్రపిండములు చెడియున్నవని కనుగొనిరి. వారిలో అధికులకు మధుమేహము మొదలగు తెలిసిన కారణములు కానరాలేదు. నీటిలోని పదార్థములను, పురుగుమందులను, నొప్పిమాత్రలను, ఎండలో నీరు త్రాగక చేయు కాయకష్టమును పరిశోధకులు ఒక్కటొక్కటిగా శంకించుచున్నారు. ఏదియు ఇంకను రుజువు కాలేదు. 2023వ సంవత్సరము డిసెంబరు నెలలో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధనాకేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలపు జలాశయమునుండి గొట్టములద్వారా త్రాగునీరు తెచ్చు ఏర్పాటును అప్పుడే ఆరంభమైనది.

తలిదండ్రులకు మా మనవి యొకటి. రక్తపరీక్షకు వచ్చువారిని చూచి, ఎన్నిమారులు రక్తమిచ్చినను ఫలమేమియని విసుగుకొనుట సహజము. ఇచ్చిన రక్తమునకు ఫలితమేమో తెలియజేయుమని అడుగుట మీ హక్కు. అడిగినవారికి తెలియజెప్పుట పరిశోధకుని విధి. కాని తలుపు మూసికొన్నచో ఆ లెక్కలో మన యిల్లు చేరదు. లెక్కలో చేరని యింటి బాధ లోకమునకు కనబడదు. గిల్గిత్తున ఆ కాలువ వెంబడి గ్రామములవారు తలుపులు తెఱచి మెడలు చూపియుండనిచో, మెకారిసనుగారు ఎంత తెలివిగలవారైనను ఏమి చేయగలిగియుందురు?

విద్యార్థులారా! మీలో ఎవ్వరైన వైద్యులు కాగలరు. మన కవిటి, మందస గ్రామములలో ఒక చెఱువునుండి మఱియొక చెఱువునకు, ఒక బావినుండి మఱియొక బావికి నడచి, ఓర్పుతో లెక్క వ్రాయు దినము మీకు రావచ్చును. అప్పుడు ఆయన నడకను స్మరింపుడు. ఆయన పొరపాటును కూడ స్మరింపుడు. ముందుగా తలచిన కారణమునకు లెక్కను వంచక, లెక్క చెప్పిన దారిని నడువుడు. వైద్యులు కానివారికిని పని కలదు. ఎండలో పనిచేయు తండ్రికి నీళ్ళచెంబు అందించుటయు, వైద్యుని అడుగక నొప్పిమాత్రలు మ్రింగవద్దని తల్లికి చెప్పుటయు, చోడి అంబలిని, దంపుడు బియ్యమును, ఆకుకూరను చిన్నచూపు చూడకుండుటయు నేటినుండియే చేయదగిన పనులు. ఇంత మాత్రము మన యిండ్లలో జరిగినను ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లు మేము భావింతుము.