బసివి ఆచారానికి చట్టంతో అడ్డుకట్ట వేసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే బసివి అంటే ఏంటో చెప్తారు. మగపిల్లలు లేని పేద కుటుంబం ఓ ఆడపిల్లను దేవుడికి వదిలేసేది. తాళి దేవుడి పేరుతో కట్టేవాళ్లు. ఇక ఆమెకు పెళ్లి ఉండదు. కొడుకులా పుట్టింట్లోనే ఉండి తల్లిదండ్రులను చూసుకోవాలి, వాళ్ల ఆస్తి ఆమెకే వస్తుంది. వినడానికి ఇది గౌరవంగానే ఉంటుంది. కానీ చాలామంది విషయంలో జరిగింది వేరు. ఆస్తే లేని ఇంట్లో ఆ పిల్లకు మిగిలింది ఊళ్లో పెద్దల పాలు కావడం, లేదా దళారీ వెంట పట్నానికి పోవడం.

ఈ ఆచారాన్ని నేరంగా ప్రకటించిన మొదటి చట్టం ఈ ప్రాంతానికి 1947లో వచ్చింది. అప్పుడు అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ చట్టం వెనుక ఇరవై ఏళ్లు పోరాడిన మనిషి డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి.

ఆమె 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన మహిళ. ఆ కుటుంబాల్లోని ఆడవాళ్లను లోకం ఎలా చూస్తుందో ముత్తులక్ష్మికి పుస్తకాల్లో చదివితే తెలియలేదు, ఇంట్లోనే తెలిసింది.

మగపిల్లల కాలేజీలో ఆడపిల్ల చేరడమేంటని అప్పట్లో చాలామంది అడ్డుపడ్డారు. పుదుక్కోట రాజు అనుమతి ఇవ్వడంతో ఆమె చదువు సాగింది. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో పట్టా పుచ్చుకున్నారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లి చేసుకున్నారు. తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డు రాకూడదని ముందే మాట తీసుకుని మరీ ఆ పెళ్లికి ఒప్పుకున్నారు.

1926లో ఆమెను మద్రాసు శాసనమండలికి నామినేట్ చేశారు. అక్కడ అడుగుపెట్టిన తొలి మహిళ ఆమే. కొద్దికాలానికే ఉపాధ్యక్షురాలిగానూ ఎన్నికయ్యారు. ముస్లిం బాలికలకు హాస్టల్ కావాలని, దళిత బాలికలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని పట్టుబట్టారు. కానీ అన్నిటికంటే ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టింది దేవదాసీ అంశం.

ఆమె ముందుగా భూమి ముడి విప్పారు. దేవాలయ ఇనాం భూమి అనుభవించే కుటుంబం తరతరానికీ ఓ ఆడపిల్లను గుడి సేవకు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే భూమి పోతుంది. అంటే ఆ పిల్లను కట్టేసింది భక్తి ఒక్కటే కాదు, ఇంటి తిండి కూడా. 1929లో వచ్చిన దేవాదాయ చట్ట సవరణ ఈ షరతును తీసేసింది. సేవ చేయకపోయినా భూమి ఆ కుటుంబానికే ఉంటుంది. మరుసటి ఏడాది వ్యభిచార గృహాలను, ఆడపిల్లల వ్యాపారాన్ని అణచే చట్టం కూడా మద్రాసులో వచ్చింది.

అయితే ఇనాం భూమే లేని బసివి కుటుంబాలకు 1929 సవరణతో ఒరిగిందేమీ లేదు. అసలు అంకితం చేయడమే నేరం కావాలి. అందుకోసం ఆమె 1930లో బిల్లు తయారు చేశారు. సంప్రదాయం పేరుతో సత్యమూర్తి లాంటి కాంగ్రెస్ నాయకులు వ్యతిరేకించారు. బెంగళూరు నాగరత్నమ్మ వంటి దేవదాసీ కళాకారిణులు కూడా తమ సంగీతం, నాట్యం, ఆస్తి హక్కు ఏమైపోతాయని ప్రశ్నించారు. ఆ భయం ఉత్తదేం కాదు. మరోపక్క యామినీ పూర్ణతిలకం లాంటి తెలుగు మహిళలు సంస్కరణ వైపు నిలబడ్డారు.

అదే ఏడాది గాంధీజీ అరెస్టుకు నిరసనగా ముత్తులక్ష్మి శాసనమండలికి రాజీనామా చేశారు. బిల్లు అటకెక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వ కాలంలో, 1947 అక్టోబరులో గానీ అది చట్టం కాలేదు. అంకితం చేయడం చట్టవిరుద్ధమైంది. అప్పటికే అంకితమైన స్త్రీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లుతుందని రాశారు. చేయించినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా.

చట్టం ఒక్కటే చాలదని ఆమెకు 1930లోనే అర్థమైంది. ఆ జీవితం వద్దనుకుని కొందరు ఆడపిల్లలు ఆమె గుమ్మం తొక్కారు. హాస్టళ్లు వాళ్లను చేర్చుకోలేదు. ఆమె తన ఇంట్లోనే చోటిచ్చారు. అదే అవ్వై హోమ్‌గా ఎదిగింది. చెల్లెలిని కేన్సర్ పొట్టన పెట్టుకున్న బాధతో అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు పునాది వేశారు. 1954లో అది రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1968 జూలై 22న ఆమె కన్నుమూశారు.

ఆమె పోయాక కూడా చట్టాలు వస్తూనే ఉన్నాయి. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి, విడిపించినవాళ్లకు పునరావాసం చూసే బాధ్యతను జిల్లా యంత్రాంగం మీద పెట్టింది. బసివి, జోగిని, మాతమ్మ పేర్లతో సాగే అంకితాలన్నిటినీ నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో కొత్త చట్టం చేసింది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో మనుషుల అక్రమ రవాణాకు 143వ సెక్షన్, బలవంతపు చాకిరీకి 146వ సెక్షన్ ఉన్నాయి.

కానీ వానలు ముఖం చాటేస్తే అప్పు పెరుగుతుంది, పని ఇప్పిస్తానంటూ దళారీ గడప దాకా వస్తాడు. పోలీసులు విడిపించి తెచ్చిన అమ్మాయికి ఊళ్లో మాటలు తప్పవు. ఆ తర్వాత ఆమె ఎక్కడికి పోవాలి? 1930లో ముత్తులక్ష్మీ రెడ్డి గుమ్మం ముందు నిలబడ్డ ప్రశ్న కూడా ఇదే. దానికి ఆమె శాసనమండలిలో బిల్లు పెట్టారు, ఇంట్లో అన్నమూ పెట్టారు. రెండూ కలిస్తేనే విముక్తి.