నేల రంగును బట్టి నీటి రుచి చెప్పిన వరాహమిహిరుడు

జ్యోతిష్కుడిగా పేరుపడ్డ వరాహమిహిరుడు బావి తవ్వే రైతు సంగతి కూడా పట్టించుకున్నాడు. క్రీ.శ. 6వ శతాబ్దంలో ఉజ్జయిని ప్రాంతంలో జీవించిన ఆయన, తండ్రి ఆదిత్యదాసు వద్దే విద్య నేర్చాడు.

గ్రహాలు, వానలు, పంటలు అన్నీ చర్చించిన ‘బృహత్సంహిత’లో భూగర్భ జలాలకు ఒక అధ్యాయమే ఉంది. మనిషి ఒంట్లో నరాల్లా నేలలో నీటి జలలు పైనా కిందా పారుతుంటాయంటాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గరలో పుట్ట ఉంటే, దక్షిణాన రెండు పురుషాల లోతున తియ్యనీరు పడుతుందట. చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు ఒక పురుషం. ఇవి చేదబావుల లోతులు, నేటి బోర్లవి కావు. నేలను బట్టి నీటి రుచి కూడా చెప్పాడు: గరుసు కలిసిన రాగిరంగు నేలలో వగరు, పాలిపోయిన నేలలో ఉప్పన, నీలిచాయ నేలలో తీపి.

ఇదంతా తన సొంతమనలేదు. సారస్వతుడు, మనువు ముందే చెప్పారన్నాడు. ఎడారి గుర్తులు మెట్టసీమలో పనికిరావనీ, నేరేడు వంటి చెట్లకు చెప్పిన లోతు ఎడారిలో రెట్టింపవుతుందనీ హెచ్చరించాడు. పొరుగూరి పుట్టను చూసి అప్పుచేసి బావి తవ్వించేవారికి ఈ ముక్క ముఖ్యం.

ఆయన 587లో మరణించినట్టు చెబుతారు. ఆ జలాధ్యాయంపై 1980లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒక పుస్తకం ప్రచురించింది.